ఒక్క మాట కొట్టెయ్యమన్నారు

జార్జియా రాష్ట్రంలో మేముండే కమ్మింగ్‌లో మెడిసిన్ చదవాలనుకునే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొస్తుంటారు. "ఆంటీ, మీరు పనిచేసిన క్లినిక్‌లో వాలంటీర్ అవర్స్ దొరుకుతాయా?" అని అడుగుతారు. దొరుకుతాయి, వెళ్ళండి అంటాను. టీ తాగి, జంతికలు తిని, లేచేముందు ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "మీ కెరీర్‌లో హార్డెస్ట్ డే ఏది ఆంటీ?"

రక్తం, సైరన్లు, ఆగిపోయిన గుండె మళ్ళీ కొట్టుకోవడం, ఇలాంటిదేదో చెప్తానని వాళ్ళ ఆశ. అవన్నీ చూశాను. కానీ కష్టమైన రోజంటే నాకు గుర్తొచ్చేది ఒక చర్చి హాల్లో, పట్టపగలు, కాఫీ కప్పుల మధ్య ఎంతో మర్యాదగా జరిగిన ఒక మీటింగు. అక్కడ నన్ను ఒక్క మాట కొట్టెయ్యమన్నారు. కొట్టెయ్యలేదు. రిటైరైంది కాబట్టి ఇప్పుడు ధైర్యంగా చెప్తోందని అనుకోకండి. అప్పుడూ ఇంతే గట్టిగా చెప్పాను.

నేను డాక్టర్ని కాదు. గుంటూరులో నర్సింగ్ చదివి, ఇక్కడికొచ్చి మళ్ళీ చదివి, నర్స్ ప్రాక్టిషనర్‌నయ్యాను. అంటే రోగిని చూస్తాను, పరీక్ష చేస్తాను, మందు రాస్తాను. అయితే మా జార్జియాలో నా పనికి ఒక డాక్టరు పూచీ పడుతూ సంతకం పెట్టి ఉండాలి. ఆయన ఆ సంతకం వెనక్కి తీసుకుంటే మర్నాడు నేను ఇంట్లో కూర్చోవాల్సిందే. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

పెద్ద హాస్పిటల్లో చాలా ఏళ్ళు చేశాక, మా ఇంటి నుంచి ఉత్తరంగా డ్రైవ్ చేసి వెళ్ళే ఒక చిన్న ఊళ్ళో క్లినిక్‌లో చేరాను. అది కోళ్ళ ఫ్యాక్టరీ ఊరు. గాలి అటునుంచి వీచిన రోజు కారు అద్దాలు దించలేం. ఆ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది మెక్సికో, గ్వాటెమాలా, హోండురాస్ నుంచి వచ్చినవాళ్ళు. మా క్లినిక్ ఒక కాయిన్ లాండ్రీకీ ఒక మెక్సికన్ బేకరీకీ మధ్య ఉండేది. పొద్దున్నే ఒకవైపు నుంచి సబ్బు వాసన, ఇంకోవైపు నుంచి తియ్యటి బన్నుల వాసన. మధ్యలో మేము, మా స్పిరిట్ వాసన.

చేరిన కొత్తలో నా స్పానిష్ అంతంతమాత్రం. ఆ భాషలో కన్సాదా అంటే అలసిపోయిన మనిషి, కసాదా అంటే పెళ్ళయిన మనిషి. నేను తెలియక ఒక పెద్దావిడని "మీరు బాగా పెళ్ళయి ఉన్నట్టున్నారే?" అని అడిగాను. ఆవిడ నిట్టూర్చి, "అవునమ్మా, మరీ ఎక్కువైపోయింది" అంది. అప్పట్నుంచి మా ఫ్రంట్ డెస్క్ ఆవిడ నీరసంగా కనిపించినవాళ్ళందర్నీ "ఈవిడకి బాగా పెళ్ళైంది" అంటూ లోపలికి పంపేది.

ఆ ఫ్రంట్ డెస్క్ ఆవిడ గురించి కొంచెం చెప్పాలి. చిన్నప్పుడే మెక్సికో నుంచి వచ్చింది. గొంతు లాండ్రీ దాకా వినపడేది. కొత్తగా వచ్చినవాళ్ళు కౌంటర్ మీదకి వంగి, "ఇక్కడ పేపర్స్ చూపించమంటారా?" అని గుసగుసగా అడిగేవాళ్ళు. ఈవిడ అందరికీ వినపడేలా, "ఇక్కడ నొప్పెక్కడో చూపిస్తే చాలు!" అనేది.

నా పనికి పూచీగా సంతకం పెట్టే డాక్టరు అచ్చంగా ఆ ఊరివాడు. డెబ్భై దాటాయి, ప్యాంటుకి సస్పెండర్లు, జేబులో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. యాభై దాటిన నన్ను "యంగ్ లేడీ" అని పిలిచేవాడు. ఆదివారం చర్చిలో ఫ్యాక్టరీ యజమాని పక్కన కూర్చుంటాడు, శనివారం అతనితోనే చేపలు పడతాడు. మంచివాడే, కానీ వాళ్ళ మనిషి అనే నా లెక్క.

ఇంక ఇదంతా ఎవరితో మొదలైందో ఆ అమ్మాయి. గ్వాటెమాలా కొండల్లో పుట్టింది. ఇంట్లో వాళ్ళ భాష వేరే, స్పానిష్ ఆ అమ్మాయి తర్వాత నేర్చుకున్నదే. అలా మా ఇద్దరికీ అది పరాయి భాషే కాబట్టి నిదానంగా, చిన్న చిన్న మాటల్లో బాగానే మాట్లాడుకునేవాళ్ళం. ఒకరోజు పాపకి జలుబని తీసుకొచ్చింది. ఛాతీ వినాలి, చొక్కా విప్పమన్నాను. పాప చొక్కాకున్న చిన్న గుండీలతో తల్లి తంటాలు పడుతోంది. వేళ్ళు జారిపోతున్నాయి. నవ్వుతోంది, చెమట పడుతోంది, గుండీ మాత్రం రావడం లేదు. నేనే విప్పాను.

పాపకి మందు రాసి, "ఇప్పుడు నీ చేతులు చూపించు" అన్నాను.

రెండు చేతులూ ఒడిలో దాచుకుంది. "ఏం లేదు. అలవాటే."

"ఏది అలవాటు?"

కొంచెం బతిమాలితే చెప్పింది. ఫ్యాక్టరీలో కోడి మాంసం నుంచి ఎముకలు వేరుచేసే లైన్లో పని. బెల్టు మీద కోళ్ళు వస్తూనే ఉంటాయి. కత్తి పట్టిన చెయ్యి అదే కోత, అదే మెలి, షిఫ్టంతా. బెల్టు ఆగదు కాబట్టి చెయ్యీ ఆగకూడదు. నిద్రలో చేతులు మండిపోయి లేస్తుంది, విదిలించుకుని మళ్ళీ పడుకుంటుంది. ఫ్యాక్టరీ లోపలే ఒక నర్సు గది ఉంది. అక్కడికెళ్తే ఏదో క్రీమ్ రాసి, మళ్ళీ లైన్ మీదకి పంపేస్తారు.

దీనికి ఒక తేలికైన పరీక్ష ఉంది. చేతుల వెనక భాగాలు ఒకదానికొకటి ఆనించి, వేళ్ళు నేలవైపు వేలాడేసి, మోచేతులు పక్కకి పెట్టి ఉంచాలి. నమస్కారాన్ని తిరగేసినట్టుంటుంది. మామూలు మనిషికి నిమిషమైనా ఏమీ కాదు. ఆ అమ్మాయికి అందులో సగం కూడా గడవకుండానే కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. బొటనవేలి కింద ఉబ్బెత్తుగా ఉండాల్సిన కండ గుంటపడిపోయి ఉంది. మణికట్టులో నరం నలిగి నలిగి చచ్చిపోతోందన్నమాట. వెంటనే ఆ పని ఆపాలి, సర్జన్ చూడాలి.

"కంపెనీకి కాగితం రాసిస్తాను. తేలిక పని ఇవ్వాలని, ఇది పని వల్ల వచ్చిందని."

"వద్దు." భయంతో పాపని గుండెకి హత్తుకుంది. "రాయకండి. మా తమ్ముడు కూడా అదే లైన్లో ఉన్నాడు. ఇద్దర్నీ తీసేస్తారు. తీసేస్తే సరే, ఇంకెవరికైనా చెప్తే?"

ఆ ఇంకెవరో అంటే ఇమిగ్రేషన్ వాళ్ళని ఇద్దరికీ తెలుసు. రోగి వద్దంటే రాసే హక్కు నాకు లేదు. ఆపకపోతే ఏమవుతుందో మాత్రం దాచకుండా చెప్పాను. వింది, పాపకి మందు తీసుకుని వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి అపాయింట్‌మెంట్ లేకుండా వచ్చింది. చంకలో పాప, పాప కాళ్ళు కమిలి ఎర్రగా ఉన్నాయి. స్నానం చేయించడానికి నీళ్ళలో చెయ్యి పెట్టి చూసిందట. వేడి వేళ్ళకి తెలియలేదు. పాపని దించి, అది కెవ్వుమన్నాక తెలిసింది. అదృష్టం బాగుండి బొబ్బలెక్కలేదు. పాపకి మందు పూస్తుంటే తల్లి గోడవైపు చూస్తూ నిలబడింది. తర్వాత నావైపు తిరిగి ఒకే ఒక్క మాట అంది.

"రాయండి."

రాశాను. కత్తి పట్టే పని వద్దు, సర్జన్‌కి చూపించాలి, జబ్బు పని వల్ల వచ్చింది. కంపెనీకి తేలిక పని ఇవ్వక తప్పలేదు, అట్టపెట్టెలు మడిచే చోటికి మార్చారు. ఆ వార్త బేకరీలో బన్నులకన్నా త్వరగా చేతులు మారింది. ఆ లైన్లో ఆడవాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. కొందరు బీపీ చూపించుకోవడానికి వచ్చినట్టు వచ్చి, తలుపు మూశాక చేతులు చాపేవాళ్ళు. జబ్బు లేనివాళ్ళకి లేదని చెప్పి పంపాను. ఉన్నవాళ్ళందరికీ రాశాను. ప్రతి కాగితంలోనూ ఆ మాట ఉంది: పని వల్ల.

అప్పుడొచ్చాడు ఫ్యాక్టరీ హెచ్ఆర్ మేనేజరు. ఇస్త్రీ చొక్కా, మంచి మాట, నాకన్నా వెయ్యి రెట్లు మంచి స్పానిష్. వాళ్ళమ్మానాన్నలు మెక్సికో నుంచి వచ్చినవాళ్ళేనట. మా డైరెక్టర్ గదిలో కూర్చున్నాం. డైరెక్టరంటే క్లినిక్ నడిపే ఆవిడ, సన్నగా, ఎప్పుడూ ఏదో ఒక సమస్యతో తల పట్టుకుని ఉండే మనిషి.

"మీ సేవ అంటే మాకు గౌరవం మేడమ్," అన్నాడతను. "తేలిక పని ఇమ్మని రాయండి, ఇస్తాం. సర్జన్ దగ్గరికి పంపండి. ఒక్క మాట మాత్రం తీసెయ్యండి. మణికట్టు నొప్పి అని రాస్తే సరిపోతుంది కదా? అదీ నిజమే కదా? పని వల్లే వచ్చిందని మీకెలా తెలుసు?"

"మరి వీళ్ళందరూ వీణ వాయించి తెచ్చుకున్నారంటారా?"

అతనికి వీణ అంటే తెలియదు. గిటార్ అని మార్చి చెప్పాను. నవ్వాడు.

"అయితే ఒకసారి నన్ను ఆ లైన్ చూడనివ్వండి. చూశాక పని వల్ల కాదనిపిస్తే నేనే కొట్టేస్తాను."

"బయటివాళ్ళని లోపలికి రానివ్వం మేడమ్. సేఫ్టీ రూల్స్."

"అంటే లోపల పనిచేసేవాళ్ళకి సేఫ్టీ ఉంది, నాకొక్కదానికే కరువన్నమాట."

ఈసారి నవ్వలేదు.

అతను వెళ్ళాక డైరెక్టర్ తలుపు మూసింది. మా క్లినిక్ ఉన్న బిల్డింగు ఫ్యాక్టరీ యజమాని కుటుంబానిది. ఊరికే వాడుకోమని ఇచ్చారు. "ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోతాం చెప్పు? షుగర్ పేషెంట్లు ఎక్కడికి పోతారు? కడుపుతో ఉన్నవాళ్ళు? ఒక్క మాట కోసం ఇంతమందిని రోడ్డు మీద పెడతావా?"

ఆవిడని పిరికిదనుకోకండి. ఆ ప్రశ్నలో నిజముంది. ఇంటికెళ్తూ హైవే మీద దాని గురించే ఆలోచించాను. ఎటు తిప్పి చూసినా ఒకటే తేలింది. ఆ మాట ఉంటే ఆపరేషన్ బాధ్యత కంపెనీది, బెల్టు వేగం గురించి ఎవరైనా అడిగే వీలుంటుంది. ఆ మాట లేకపోతే అది ఆ ఆడవాళ్ళ ఖర్మ. ఇవాళ చేతుల గురించి రాయొద్దన్నారు, రేపు దగ్గు గురించి రాయొద్దంటారు. అన్నీ మానేశాక మిగిలేది క్లినిక్ కాదు, ఫ్యాక్టరీ నర్సు గదికి ఇంకో బ్రాంచి.

ఆ వారాంతం మా కాలనీలో ఎవరిదో పుట్టినరోజు. నా పని గురించి మాటొచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఒకబ్బాయి, నిజానికి చాలా బుద్ధిమంతుడే, అన్నాడు: "ఆంటీ, మనం గ్రీన్‌కార్డ్ కోసం ఎన్నేళ్ళు లైన్లో వెయిట్ చేస్తున్నాం! వాళ్ళు హ్యాపీగా బార్డర్ క్రాస్ చేసి వచ్చేశారు. మీ సర్వీసంతా వాళ్ళకేనా?"

"నీ ప్లేట్లో ఏముంది నాన్నా?"

"చికెన్ సిక్స్‌టీఫైవ్."

"ఎముకలున్నాయా?"

"లేదాంటీ, బోన్‌లెస్."

"ఆ ఎముకలు ఎవరు తీశారంటావు?"

అతని చేతిలో ముక్క అలాగే ఆగిపోయింది. నేను ఆగలేదు. "లైన్లో నిలబడటం కష్టమే. నేనూ నిలబడ్డాను. కానీ మన లైన్లో నిలబడితే వేళ్ళు చచ్చుబడిపోవు."

మావారు నా మోచెయ్యి పట్టుకుని, "కేక్ కట్ చెయ్యకముందే పార్టీ ముగించావు, పద" అన్నారు. కారెక్కాక మాత్రం, "ఆ మాట మీ మీటింగ్‌లో కూడా అను" అన్నారు.

మీటింగంటే క్లినిక్ బోర్డు మీటింగు. నన్ను రమ్మని కబురొచ్చింది. మీటింగ్‌కి ముందు డైరెక్టర్ నెమ్మదిగా నా చెవినేసింది: "డాక్టరు గారు నీ నోట్స్ అన్నీ ఇంటికి తీసుకెళ్ళారు." ఆయన సంతకం వెనక్కి తీసుకోవాలనుకుంటే ఇంక బోర్డు నన్ను అడగక్కర్లేదు, తీసెయ్యక్కర్లేదు. నా పని దానంతటదే ఆగిపోతుంది.

చర్చి హాల్లో పొడవాటి బల్ల. బోర్డు వాళ్ళు పాస్టరు, ఒక బ్యాంకు ఆయన, ఒక రిటైర్డ్ టీచరు, ఫ్యాక్టరీ యజమాని. ఇటు చివర డైరెక్టరు, డాక్టరు. హెచ్ఆర్ మేనేజరు యజమాని పక్కన. అందరూ చక్కగా పలకరించారు. కాఫీ పోశారు. బ్యాంకు ఆయన అడిగాడు: "ఇది పని వల్లే వచ్చిందని మీరు ఖచ్చితంగా ఎలా చెప్పగలరు? ఎవరికైనా రావచ్చు కదా?"

"ఒక్క నిమిషం నేను చెప్పినట్టు చేస్తారా?" అన్నాను. "అందరూ."

చేతులు తిరగేసి ఎలా పట్టుకోవాలో చూపించాను. మొహమొహాలు చూసుకున్నారు. ముందు డాక్టరు వేరుశనక్కాయలు పక్కన పెట్టి చేతులు లేపాడు. తర్వాత పాస్టరు, టీచరు, డైరెక్టరు, బ్యాంకు ఆయన. చివరికి యజమాని కూడా. చేతులు ఎత్తనిది ఆ గదిలో ఒక్క హెచ్ఆర్ మేనేజరే. రెండు చేతులూ బల్ల కింద పెట్టుకుని కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. నిమిషం గడిచింది.

"ఎవరికైనా ఏమైనా అనిపించిందా?"

లేదన్నారు.

"మీలో చాలామందికి అరవై దాటాయి. నా దగ్గరికొచ్చిన అమ్మాయికి ముప్ఫై కూడా లేవు. ఇలా పెట్టగానే ఏడ్చింది. నీళ్ళు కాలుతున్నాయని తెలియక బిడ్డని దించింది. ఎవరికైనా రావచ్చన్నారు. మీకెవరికీ రాలేదే? ఆ ఒక్క లైన్లో నిలబడేవాళ్ళలో అంతమందికి ఎందుకొచ్చింది? షుగరుంటే షుగరని రాస్తాను. కాలు విరిగితే విరిగిందని రాస్తాను. ఇది పని వల్ల వచ్చింది, అలాగే రాస్తాను. ఆ మాట తీసెయ్యాలంటే ముందు నన్ను తీసెయ్యండి."

యజమాని డాక్టరువైపు తిరిగి స్నేహంగా, "నువ్వేమంటావు?" అన్నాడు.

ముసలాయన తొందరపడలేదు. కళ్ళజోడు తుడుచుకుని లేచాడు. "యంగ్ లేడీ రాసినవన్నీ చదివాను. ఒక చోట తప్పు రాసింది."

నేను కుర్చీ అంచు పట్టుకున్నాను.

"ఒకావిడ చేతులకి మధ్యస్థంగా ఉందని రాసింది. నేను మళ్ళీ పిలిచి చూశాను. అది మధ్యస్థం కాదు, తీవ్రం. దిద్దాను. దిద్ది అన్నిటి మీదా సంతకం పెట్టాను." కూర్చోబోతూ యజమానితో, "ఆదివారం చర్చిలో కలుద్దాం" అన్నాడు.

ఆ మాట ఉంచాలా, తీసెయ్యాలా అని ఓటింగ్ పెట్టారు. యజమాని, బ్యాంకు ఆయన ఒకవైపు. పాస్టరు, టీచరు మావైపు. రెండువైపులా సమానమైతే తేల్చేది డైరెక్టర్ ఓటే. ఆవిడ చాలాసేపు తల పట్టుకుంది. "బిల్డింగు పోతుంది, నాకు తెలుసు," అంది. "పోనివ్వండి." చెయ్యి ఎత్తింది.

బిల్డింగు పోయింది. ఎండాకాలం ముగిసేలోగా ఖాళీ చెయ్యమన్నారు. ఆదివారం చర్చిలో డాక్టరూ యజమానీ పక్కపక్కనే కూర్చున్నారు గానీ, శనివారం చేపల వేట అంతటితో సరి. మన సినిమాల్లోలా అందరూ గెలవలేదు. నేను రాసిచ్చినవాళ్ళలో ఒకావిడని ఆలస్యంగా వస్తోందని తీసేశారు. పోట్లాడాం, గెలవలేదు, ఆవిడ వేరే రాష్ట్రం వెళ్ళిపోయింది. ఆ బాధ నాకింకా ఉంది. ఆ గ్వాటెమాలా అమ్మాయికి కంపెనీ బాధ్యత మీదే ఆపరేషన్ అయింది. కుడిచెయ్యి పూర్తిగా వచ్చింది, ఎడమది ముప్పాతిక వంతు. తర్వాత ఆ లైన్లో మనుషుల్ని పనుల మధ్య మార్చి మార్చి తిప్పడం మొదలుపెట్టారట. ఎవరు చెప్తే మొదలుపెట్టారో కంపెనీ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పనక్కర్లేదు.

పిల్లలూ, మిమ్మల్ని తప్పు చెయ్యమని ఎవరూ కేకలేసి అడగరు. కుర్చీ వేస్తారు, కాఫీ పోస్తారు, ఇది కూడా నిజమే కదా అంటారు. అప్పుడు కాఫీ తాగండి. కలం మాత్రం వాళ్ళ చేతికివ్వకండి.

డైరెక్టర్ ఊరి చివర మూతపడ్డ టైర్ల షాపు ఒకటి వెతికి పట్టుకుంది. మా పేషెంట్లలో ఇళ్ళకి రంగులేసేవాళ్ళు, పైకప్పులు వేసేవాళ్ళు, గోడలు కట్టేవాళ్ళు ఉన్నారు. వాళ్ళే సెలవు రోజుల్లో వచ్చి గదులు కట్టారు, రంగులేశారు. ఎంత రంగేసినా రబ్బరు వాసన పోలేదు. మొదటిరోజుకి పేరు బోర్డు తగిలించలేదు, కుర్చీలు రాలేదు. ఎవరికి తెలుస్తుంది, ఎవరొస్తారు అని డైరెక్టర్ దిగులుపడుతోంది. డాక్టరు ఒక పాత టైరు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు.

ఫ్రంట్ డెస్క్ ఆవిడ పెద్ద ఇనప షట్టర్ పైకి లేపింది. బయట ఒక వ్యాను ఆగి ఉంది. దాని పక్కన కొందరు ఆడవాళ్ళు, తలల మీద ఫ్యాక్టరీలో పెట్టుకునే తెల్లటి వలటోపీలు ఇంకా తియ్యలేదు. మా ఊరి ఫ్యాక్టరీ వాళ్ళు కాదు, ఎప్పుడూ చూడని మొహాలు. కొండల అవతల ఇంకో ఊళ్ళో ఇంకో ఫ్యాక్టరీ నుంచి, షిఫ్టు దిగి నేరుగా వచ్చారట. అందరూ చేతులు చంకల్లో దోపుకుని నిలబడ్డారు. ముందున్నావిడ లోపలికి తొంగిచూసి, కొంచెం బెదురుగా అడిగింది.

"రాసే చోటు ఇదేనా?"

మా ఫ్రంట్ డెస్క్ ఆవిడ గొంతు ఆ వీధి చివరిదాకా వినపడింది.

"ఇదే! రండి లోపలికి!"

కుర్చీలు లేవు కాబట్టి ఆ రోజు అందర్నీ నిలబెట్టే చూశాను.